‘ఆగు’ అనే పేరు

కోడలు అతని భార్య పేరును చంపేసింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. మొదటి ఆడపిల్లకు నాన్నమ్మ పేరు పెట్టాలి, ఈ దీవిలో మేకలకు కూడా తెలిసిన సంగతి అది, ఏథెన్సులో చదువుకున్న దనాయికి మాత్రం తెలియదు, తెలిసినా లెక్కలేదు. కొడుకు ఆర్గిరిస్ ఫోను చేసి, నాన్నా, పాపకి అమ్మ పేరు పెట్టడం లేదు, అన్నాడు, రేపు వాన పడదు అని చెప్పినంత తేలిగ్గా. నికీతాస్ ఫోను పెట్టేశాడు. మళ్ళీ మోగింది, మళ్ళీ పెట్టేశాడు. ఇప్పుడు అందరూ వేసవి సెలవులకు వచ్చి ఒడ్డున చెట్ల కింద చాపలు పరుచుకుని కూర్చున్నారు, సాయంత్రం కొండమీది చిన్న చర్చిలో పాపకు బాప్తిస్మం, నికీతాస్ మాత్రం నెత్తిన టోపీతో మెడలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. ఫాదరు రావడం, నూనె రాయడం, తొట్టిలో ముంచడం, బాప్తిస్మంలో పాపను ఎత్తుకుని పేరు ప్రకటించే జ్ఞానతల్లి నోరు తెరిచి ఆ పేరేదో పలకడం, అన్నీ అయ్యేదాకా ఇక్కడి నుంచి కదలడు. ఇంట్లో ఉంటే లాక్కుపోతారు, కాఫీ కొట్లో కూర్చుంటే బతిమాలతారు. సముద్రంలో నిలబడ్డ మనిషిని ఎవరేం చేయగలరు?

ఒక్కటే చిక్కు వచ్చింది. నీళ్ళు బాగున్నాయి. కోపంగా నిలబడదామని దిగిన మనిషికి ఇంత మంచి నీళ్ళు పనికిరావు. రాత్రంతా విసిరికొట్టిన ఉత్తరపు గాలి తెల్లవారేసరికి పడిపోయి, సముద్రం ఇస్త్రీ దుప్పటిలా పరుచుకుంది, అడుగున ఇసుక మీద ఎండ వలలా ఊగుతోంది, తన పాదాలు తనకే కనిపిస్తున్నాయి, ముడతలు పడ్డ పాదాలు, నీళ్ళలోంచి చూస్తే తెల్లగా నున్నగా ఎవరో పెళ్ళికొడుకువిలా ఉన్నాయి. చిన్న చేపలు వచ్చి పిక్కల మీది వెంట్రుకలు పీకుతున్నాయి, చక్కిలిగింత, నవ్వు రాబోతే పళ్ళు బిగించాడు. ఒడ్డు వెంబడి టక్ టక్ మని చెక్కబ్యాట్లతో బంతి కొట్టుకుంటున్నారు, ఆ చప్పుడంటే అతనికి మంట, ఇవాళ మంట రావడం లేదు, తాళం వేసినట్టుంది. కొండంతా కీచురాళ్ళు. కొట్టు వెనకాల ఎవరో బొగ్గుల మీద చేపలు పడేశారు, నిమ్మకాయ పిండే ఉంటారు, ఆ పొగ నీళ్ళ మీదుగా నేరుగా అతని ముక్కు దగ్గరికే వచ్చి ఆగింది. ఆకలి. పొద్దున కోపంలో ఏమీ తినలేదు. తినకపోవడం తప్పని ఒప్పుకోడు.

కాస్త దూరంలో ఊరి ముసలమ్మలు ముగ్గురు గడ్డిటోపీలు పెట్టుకుని గుండెలోతు నీళ్ళలో గుండ్రంగా నిలబడ్డారు, పొద్దున దిగితే ఎండ నడినెత్తికి వచ్చేదాకా బయటికి రారు, ఈత కొట్టరు, కదలరు, మాట్లాడతారు. ‘టమోటాల్లో కూరే బియ్యం ముందు వేయించాలే, లేకపోతే ముద్దైపోతుంది.’ ‘వేయించితే రాళ్ళవుతాయి, నీ పళ్ళకి అవి కూడానా!’ ‘నా పళ్ళ సంగతి నీకెందుకు, నీ పళ్ళు గ్లాసులో ఉన్నాయి.’ ముగ్గురూ కిలకిలలాడితే టోపీలు ఊగాయి. ఒకావిడ ఇటు తిరిగింది. ‘నికీతా! ఏమిటి, ఉప్పులో ఊరబెట్టుకుంటున్నావా నిన్ను నువ్వు? చలికాలానికి నిలవ ఉంటావులే!’ అతను టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. ఆవిడను క్షమించలేదు, నికీతాస్ బస్సు నడిపే రోజుల్లో ఎప్పుడో వాళ్ళాయన ఆ బస్సును రేవులో పడవకు అడ్డంగా పెట్టించి తిట్లు తినిపించాడు. ఫాదరును క్షమించలేదు, నికీతాస్ భార్య స్తమాతాను సాగనంపే రోజు ప్రార్థనలో స్తమాతియా అని చదివాడు, ఒక అక్షరం ఎక్కువ, పుణ్యాత్ముల పట్టికలో అలాగే ఉంటుందట, నికీతాస్ శవపేటిక పక్కనే నిలబడి గట్టిగా, స్తమాతా, అన్నాడు, ఫాదరు ఆగి, మళ్ళీ చదివాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వవలసిన ఒక్క మనిషీ అప్పటికి నవ్వే స్థితిలో లేదు.

స్తమాతా అంటే ఆగు అని. ఆగు, చాలు, ఇక వద్దు. మామగారికి వరుసగా నలుగురు ఆడపిల్లలు, ఐదోది కూడా ఆడపిల్లే అనగానే ఆయన టోపీ నేలకేసి కొట్టి, దీని పేరు స్తమాతా, అని తేల్చేశాడు. అప్పట్లో ఈ దీవుల్లో అలాగే చేసేవారు, ఆ పేరు పెడితే ఆడపిల్లలు పుట్టడం ఆగుతుందని. ఆగలేదు. తరువాత ఇంకో ఇద్దరు పుట్టారు, దేవుడు ఆ ఫిర్యాదు చదివినట్టు లేదు. ఊళ్ళో అందరికీ అది నవ్వులాట, నికీతాస్‌కు మాత్రం కాదు. అతనికి ఆ పేరు అంటే కొండమలుపు, ఎండ, గుడ్ల సొన. బస్సు చేతికి వచ్చిన మొదటి వేసవి అది, పాత నీలం బస్సు, రేవు నుంచి పైఊరికి వంకీలు తిరుగుతూ ఎక్కాలి, ఈ దీవిలో చదును అనేది లేదు, దేవుడు నలిపి పారేసిన కాగితంలా ఉంటుంది, ఒకపక్క గోడ, ఒకపక్క గాలి. ఆ రోజు బస్సు నిండా సంతకు పోయే జనం, వెనక సీట్లోంచి ఒక మేనత్త, ముందుకు వెళ్ళిపోయిన మేనకోడలిని పిలుస్తోంది, స్తమాతా! స్తమాతా! అని గొంతు చించుకుని. కొత్త డ్రైవరుకు మేనకోడలు ఏం తెలుసు? ఆగు, ఆగు, అని వినపడింది. అన్నిటికంటే పెద్ద మలుపులో, ముందు చక్రం గాలివైపు తిరిగి ఉండగా, బ్రేకు మీద నిలబడ్డాడు. బుట్టలు, కోళ్ళు, ఒక మేక, ఫాదరుగారి పొడుగు టోపీ, అన్నీ ముందుకు వచ్చేశాయి. గుడ్ల సొన అద్దం మీద కారుతోంది. అందరూ తిడుతున్నారు. ఒక్క పిల్ల మాత్రం ఇనపకడ్డీ పట్టుకుని వంగిపోయి నవ్వుతోంది, ఊపిరి అందక నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుని, ‘నన్ను పిలిస్తే నువ్వెందుకయ్యా ఆగావు?’ అంది.

అంతే. ఇంకేం కావాలి మనిషికి? మర్నాడు ఆ పిల్ల మళ్ళీ బస్సెక్కింది, రేవులో దిగింది, అదే బస్సులో పైకి వచ్చింది, పని ఏమీ లేదు. ఆ తరువాత ఎన్ని ఏళ్ళు ఆ మలుపు తిరిగాడో, వెనకనుంచి ఏ ముసలాయనో దిగాలని ‘స్తమాతా!’ అని అరిచినప్పుడల్లా, బ్రేకు కంటే ముందు అతని గుండె ఒకసారి పైకి లేచేది, ఎక్కింది కాబోలు, అద్దంలో చూసేవాడు. ఎక్కువసార్లు ముసలాయనే ఉండేవాడు. కొన్నిసార్లు నిజంగానే ఉండేది, ఒడిలో అన్నం గిన్నె, దాని మీద తడిగుడ్డ, అతనికి చెప్పకుండా ఎక్కి వెనకాల కూర్చునేది, ఎప్పుడు చూస్తాడా అని. ఆ తరువాత కొత్త బస్సు వచ్చింది, సీటు సీటుకూ ఎర్ర బొత్తాం, నొక్కితే గంట, ఇక ఎవరూ అరవరు. ఆ బొత్తాం కనిపెట్టినవాణ్ణీ క్షమించలేదు. అయినా ఇంట్లో పేరు ఉంది కదా అనుకున్నాడు. వంటింట్లోకి పిలిచేవాడు, పెరట్లోకి పిలిచేవాడు, పక్కింటి కుక్క కూడా ఆ పిలుపుకి ఆగి చూసేది. రెండు చలికాలాలుగా ఎక్కడా ఆ మాట లేదు. ఇల్లంతా తిరిగినా ఎక్కడా ఆగడానికి లేదు. పాప పుట్టిందని కబురు వచ్చిన రోజు అతను ఒక్కడే కూర్చుని గట్టిగా ఆ పేరు అని చూశాడు, గదిలో పాత గొంతు ఒకటి తిరిగినట్టయింది, సరే, ఇంకో అరవై ఏళ్ళు ఈ మాట బతుకుతుంది, తాను పోయినా బతుకుతుంది, అనుకున్నాడు. తరువాత ఆ ఫోను.

ఇక్కడే, ఈ నీళ్ళలోనే, సాయంత్రాలు బస్సు రేవులో వదిలేసి వచ్చేవాడు, ఆమె అప్పటికే లోపల ఉండేది. ఆమె ఈత వేరు. చేతులు తల కింద పెట్టుకుని, ఒక కాలి మీద ఇంకో కాలు వేసుకుని, డాబా మీద పడుకున్నట్టు నీళ్ళ మీద పడుకునేది, బొటనవేళ్ళు రెండూ పైకి కనిపించేవి. ఎంత లోతైనా లెక్కలేదు. అలా మనిషి తేలడం కుదరదు, కాళ్ళు మునగాలి, ఆమెకు మునిగేవి కావు. అతను ఒడ్డు నుంచి పిలిస్తే చెవులు నీళ్ళలో ఉండి వినపడేది కాదు, వినపడనట్టు ఉండేదేమో కూడా. ఒకసారి దగ్గరికి ఈదుకుంటూ వెళ్తే కళ్ళు తెరవకుండానే, ‘ఎంత హాయిగా ఉందో, ఇక్కడ నన్నెవరూ పిలవరు,’ అంది. ఇంటి పనికి ఎవరూ పిలవరని అంటోంది అనుకున్నాడు. సరే పడుకో, అని పక్కన నిలబడి ఆమె మీద ఎండ పడకుండా టోపీ అడ్డం పెట్టాడు, చెయ్యి లాగినా దించలేదు, ఆమె ముఖం మీద టోపీ గడ్డి నీడ చిన్నచిన్న గళ్ళుగా పడింది, నుదుటి మీద, ముక్కు మీద, నవ్వాపుకుంటున్న పెదవి మీద, ఆ గళ్ళు ఇప్పుడు కూడా చూడగలడు, చెప్పమంటే ఏ గడి ఎక్కడుందో చెబుతాడు. చూస్తున్నాడు కూడా. నోరు తెరుచుకుని నవ్వుతున్నాడని గమనించి నోరు మూశాడు, ఉప్పునీళ్ళు కాస్త లోపలికి పోయాయి.

‘నీళ్ళు ఎలా ఉన్నాయి అన్నయ్యగారూ?’

వియ్యపురాలు పొలిక్సేని. కోడలి తల్లి. మైదానంలో పుట్టిన మనిషి, సముద్రాన్ని నమ్మదు, ముందు శిలువ గుర్తు వేసుకుంది, తరువాత గుప్పెడు నీళ్ళు గుండెకు రాసుకుంది, తరువాత మెడకు, ఒక్కో అడుగూ పెట్టి వస్తోంది, తలమీద బుట్టంత టోపీ.

‘తడిగా ఉన్నాయి,’ అన్నాడు నికీతాస్.

‘మంచిది. పొడిగా ఉంటాయేమో అని భయపడ్డాను. ఒడ్డు మీద నుంచి చూస్తే మీరు కనబడటం లేదు, టోపీ ఒక్కటే కనబడుతోంది. ఎవరిదో కొట్టుకొచ్చింది, తెచ్చి ఆరబెడదాం అనుకుని వచ్చాను.’

‘చూశారుగా. కింద మనిషి ఉన్నాడు. వెళ్ళండి.’

‘వెళ్తాను. సాయంత్రం చర్చిలో పంచడానికి పొద్దుట్నుంచి చక్కెర బాదం పలుకులు గుడ్డల్లో మూటలు కట్టి వేళ్ళు పడిపోయాయి. మీరూ వచ్చి నాలుగు కట్టొచ్చుగా?’

‘మీ పేరు పెట్టుకునే పిల్ల బాప్తిస్మానికి నేనెందుకు మూటలు కట్టాలి?’

పొలిక్సేని ఆగింది. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. తరువాత నవ్వింది, ఆ నవ్వుకు పక్కనున్న ముసలమ్మల టోపీలు మూడూ ఇటు తిరిగాయి.

‘నా పేరా! ఎవరు చెప్పారు మీకు? అన్నయ్యగారూ, నా పేరే పెడుతుంటే ఇలా నీళ్ళలో దిగి మీ దగ్గరికి వస్తానా? ఒడ్డున కుర్చీ వేసుకుని, పుచ్చకాయ ముక్క తింటూ, మీ టోపీని చూసి నవ్వుకునేదాన్ని. పొలిక్సేని పెట్టడం లేదట. అడిగాను. ఏడ్చాను కూడా. మా ఆయన రెండు రోజులు అన్నం మానేశాడు, మూడో రోజు బీన్సు చారు చేశాను, తినేశాడు.’

‘మరి ఎవరి పేరు?’

‘నాకు చెబుతారా? జ్ఞానతల్లికి తప్ప ఎవరికీ చెప్పరట, సాయంత్రం చర్చిలో వినాలట. మీకో సంగతి తెలుసా, మనిద్దరికీ ఒకటే గతి పట్టింది. మీరు ఒంటరిగా కోప్పడుతుంటే నాకే బాధగా ఉంది. రండి, ఇద్దరం కలిసి కోప్పడదాం, ఒడ్డున. ఇక్కడ నాకు చలేస్తోంది.’

ఈమెను కూడా క్షమించకూడదనుకున్నాడు, పెళ్ళినాడు దీవి జున్ను తిని ముఖం ముడిచింది కాబట్టి, కాని ఎందుకో ఇప్పుడు ఆ జున్ను రుచి తనకూ సరిగ్గా గుర్తులేదు. ఆమె పేరు కూడా కాదు. అంటే దొంగ వేరే ఉన్నారు. ఇంతకాలం పొలిక్సేని మీద పెట్టుకున్న కోపాన్ని ఇప్పుడెక్కడ పెట్టాలో తెలియక అతను నీళ్ళలో ఒక్క అడుగు పక్కకు వేశాడు, వేసిన చోట ఇసుక లేదు, ఈ దీవి అంతే, పైన కొండ ఎలా దిగుతుందో నీళ్ళ కింద కూడా అలాగే దిగుతుంది, గభాల్న జారి మునిగాడు, టోపీ తేలింది, మళ్ళీ పైకి వచ్చి టోపీ పెట్టుకున్నాడు, ముసలమ్మలు చప్పట్లు కొట్టారు. పొలిక్సేని, ‘తల తడిసింది, మంచిదే, మీకూ బాప్తిస్మం అయిపోయింది!’ అంటూ ఒడ్డువైపు తిరిగింది, గట్టిగా, ‘అమ్మాయ్! ఇక నీ వంతు, నా వల్ల కాలేదు!’ అని కేకేసింది.

అప్పుడు వచ్చింది దనాయి. పాపను భుజాన వేసుకుని, నడుస్తూ కాదు, మెల్లగా నీళ్ళను చీల్చుకుంటూ. పాప ఒంటి మీద తెల్ల టోపీ తప్ప ఏమీ లేదు. నికీతాస్ వేరే దిక్కు చూశాడు. అక్కడ ఏమీ లేదు, ఆకాశం, అవతలి దీవి నీలంగా, దూరంగా ఒక ఓడ, ఓడ కూడా కదలడం లేదు. పక్కనే నీళ్ళు అదిరాయి. దూరం జరగాలనుకున్నాడు, ఎటు జరిగినా లోతే.

‘మామయ్యా, దీన్ని పట్టుకోండి, నాకు కాళ్ళు అందడం లేదు.’

అడగలేదు, చేతుల్లో పెట్టేసింది. ఏం చేస్తాడు, పట్టుకున్నాడు. ఫోటోల్లో చూసిన పిల్ల బరువు లేని పిల్ల, ఇది బరువుగా ఉంది, చేపలా జారుతోంది, నీళ్ళు పొట్టకు తగలగానే ఊపిరి బిగబట్టి కళ్ళు ఇంతలేసి చేసింది, ఏడుస్తుందనుకున్నాడు, ఏడవలేదు, అరచేత్తో సముద్రాన్ని ఒక్కటి కొట్టింది. సముద్రం తిరిగి ఆమె ముఖం మీద కొట్టింది. పెదవి నాకింది. ఉప్పు. ముఖమంతా ముడిచి, ఇదేమిటి, అన్నట్టు అతని వంక చూసింది, అతనే పోశాడన్నట్టు, మళ్ళీ నాకింది, మళ్ళీ కొట్టింది, ఈసారి రెండు చేతులా, నవ్వు, పళ్ళు రెండే, గొంతులోంచి కాదు పొట్టలోంచి వచ్చే నవ్వు, మొత్తం పిల్ల అదిరిపోతోంది, అతని చేతులూ అదురుతున్నాయి, టోపీ పోయింది, ఎవరిదో తెలియదు, రెండు టోపీలూ పక్కపక్కనే తేలుతున్నాయి, పిల్ల అతని మీసం పట్టుకుని లాగింది, నొప్పి, లాగనీ, ఇంకా లాగనీ, మెడ కింద ఈ చిన్న మడత, ఇందులో ఇసుక ఎప్పుడు చేరింది, నీళ్ళతో కడిగాడు, చక్కిలిగింత పెట్టినట్టయి మళ్ళీ మొదలు పెట్టింది. ఏమని పిలవాలి దీన్ని? పేరు లేదు. సాయంత్రం దాకా పాప అనే. ఈ గంట ఇది ఎవరూ కాదు, ఎవరి పేరూ దీని మీద లేదు, వట్టి నవ్వు, తడి.

దనాయి ఎటు పోయిందని చూశాడు. పక్కనే ఉంది. నీళ్ళ మీద వెల్లకిలా, చేతులు తల కింద పెట్టుకుని, ఒక కాలి మీద ఇంకో కాలు వేసుకుని, బొటనవేళ్ళు రెండూ పైకి.

కొంతసేపు అతనికి ఏమీ వినపడలేదు, కీచురాళ్ళు, బంతి, ఏదీ. పాప మీసం లాగుతూనే ఉంది.

‘అలా పడుకోవడం ఎవరు నేర్పారు నీకు?’

ఫోను పెట్టేసినప్పటి నుంచి కోడలితో అతను అన్న మొదటి మాట అది. దనాయి లేచి నిలబడబోయి, అందక, చేతులతో నీళ్ళు తోస్తూ అతని వైపు తిరిగింది.

‘ఇంకెవరు, అత్తయ్య. మా పెళ్ళయిన వేసవిలో. మీరు మొదటి బస్సు తీసుకుని వెళ్ళగానే మేమిద్దరం ఇక్కడికి వచ్చేసేవాళ్ళం. మీకు తెలియకూడదని ఇంటికెళ్ళే ముందు జుట్టు ఆరబెట్టుకునేవాళ్ళం.’

‘నాకెందుకు తెలియకూడదు?’

‘తెలిస్తే మీరు నేర్పుతానంటారని.’

నిజమే. అనేవాడు.

‘నాకు నీళ్ళంటే భయం మామయ్యా. ఆవిడ నా వీపు కింద చెయ్యి పెట్టి, ఏవేవో కబుర్లు చెప్పేవారు, భయం మరిచిపోతానని. ఒకరోజు పేరు సంగతి వచ్చింది. మా నాన్న నాకు పేరు పెట్టలేదే అమ్మాయ్, దేవుడికి అర్జీ పెట్టుకున్నాడు, అన్నారు. బళ్ళో వెక్కిరించేవారట, సంతలో వెక్కిరించేవారట, ఆరుగురు అక్కచెల్లెళ్ళకీ అమ్మమ్మల పేర్లూ నాన్నమ్మల పేర్లూ వచ్చాయి, నాకు వద్దు అనే పేరు వచ్చింది, అన్నారు. నీకు ఆడపిల్ల పుడితే ఆ మాట దాని మీద వేయనివ్వకు, ఆర్గిరిస్ పట్టుబట్టినా నువ్వు వినకు, ఒట్టు వెయ్యి, అన్నారు. నీళ్ళలో, వీపు కింద ఆవిడ చెయ్యి. ఒట్టు వేయకపోతే చెయ్యి తీసేస్తారేమో అని వేశాను.’

నికీతాస్‌కు నవ్వు వచ్చింది, అలాగే చేసి ఉండేది స్తమాతా, తీసేసి ఉండేది, వెంటనే కోపం వచ్చింది, అంతకంటే పెద్దది. ‘నాకు చెప్పలేదు. ఇన్నేళ్ళు. ఒక్కసారి కూడా చెప్పలేదు.’

‘మీకు చెప్పొద్దన్నారు.’

‘ఎందుకని?’

దనాయి ముఖం మీది నీళ్ళు తుడుచుకుంది. ‘ఆయన ఆ పేరుకే బ్రేకు వేశాడు, అన్నారు. ఊరంతా పిలిస్తే అది వద్దు అన్నట్టు ఉంటుంది, ఆయన ఒక్కడు పిలిస్తేనే పేరులా ఉంటుంది, చెబితే ఆయన నన్ను పిలవడానికి జంకుతాడు, అప్పుడు నాకేం మిగులుతుంది, అన్నారు.’

ఓడ కదిలింది. కదలడం లేదనుకున్నాడు ఇందాకట్నుంచి, కదులుతూనే ఉందన్నమాట, అవతలి దీవి కొసను దాటి ఇంత ఇవతలికి వచ్చేసింది. అతను పాప నెత్తి మీద అరచెయ్యి పెట్టాడు, ఎండ తగలకుండా. వంటింట్లోకి పిలిచిన ప్రతిసారీ, పెరట్లోకి పిలిచిన ప్రతిసారీ ఆమె ఒక క్షణం ఆలస్యంగా పలికేది, చెవుడు మొదలైందనుకున్నాడు, చెవుడు కాదు, ఇంకోసారి పిలుస్తాడని. పిలిచేవాడు. రెండుసార్లు, మూడుసార్లు, గొంతు పెంచి, విసుక్కుంటూ. ఎన్ని వందలసార్లు పిలిచి ఉంటాడు, ఒక్కటీ వృథా పోలేదు. ఒక్కటీ.

‘మరి నువ్వు ఎందుకు చెప్పలేదు, ఇంతకాలం?’

‘ఫోనులో చెప్పబోతే పెట్టేశారు. వచ్చిన రోజు వంటింట్లో చెప్పబోతే మాట్లాడకుండా టమోటాలు కోయడానికి వెళ్ళిపోయారు, చీకటి పడ్డాక వచ్చారు, మూడు టమోటాలతో. ఆర్గిరిస్‌ని చెప్పనివ్వలేదు, ఒట్టు నాది కాబట్టి నేనే చెప్పాలి. నీళ్ళలోనైతే ఎక్కడికి పోతారు, ఇక్కడ పెట్టేయడానికి ఫోను కూడా లేదు, అనుకున్నాను.’ ఊపిరి పీల్చుకుంది. ‘ఇంకోటి కూడా ఉంది. ఏ పేరు పెట్టాలో కూడా ఆవిడే చెప్పారు. చిన్నప్పుడు తనకి తనే పెట్టుకున్న పేరట, మేకల దగ్గర ఎవరూ లేనప్పుడు తనని తనే ఆ పేరుతో పిలుచుకునేవారట. మీకు చెప్పనా?’

‘చెప్పకు.’

అంత గట్టిగా అన్నాడని అతనికే తెలియదు. పాప ఉలిక్కిపడి చూసింది. దనాయి ముఖం వాడిపోయింది, తిరస్కరించాడనుకుంది. అది కాదు. ఎలా చెబుతాడు? స్తమాతా పోయిన దగ్గర్నుంచి అతని దగ్గర ఉన్నదంతా పాతదే. మలుపు పాతది, నవ్వు పాతది, గళ్ళ నీడ పాతది, అరిగిపోతాయని భయపడుతూనే రోజూ తీసి చూసుకుంటున్నాడు, వాటికి ఒక్క మాట కొత్తగా చేరే దారి లేదు, ఆమె చెప్పవలసినవన్నీ చెప్పేసింది, అయిపోయింది, అనుకున్నాడు. అయిపోలేదు. ఒకటి మిగిలింది. ఈ సాయంత్రం, కొండమీద, ఆ ఉక్కపోత చర్చిలో, మైనం వాసనలో, జ్ఞానతల్లి నోరు తెరిచి ఆ మాట అంటుంది, అతను ఆ మాట ఎన్నడూ ఆమె నోట విననిది, మేకల దగ్గర ఒక పిల్ల తనను తాను పిలుచుకున్నది, బస్సుకు ముందు, మలుపుకు ముందు, అతనికి ముందు ఉన్న స్తమాతా, ఆమెను ఇవాళ మొదటిసారి చూడబోతున్నాడు. ఇక్కడ, ముక్కులోంచి నీళ్ళు కారుతూ, మీసం ఒకరి గుప్పిట్లో ఉండగా వినడు. చొక్కా వేసుకుని వింటాడు. గడ్డం గీసుకుని వింటాడు. మొదటి వరసలో నిలబడి వింటాడు, ఫాదరు ఒక్క అక్షరం తప్పు పలికితే ఊరుకోడు.

‘సాయంత్రం వింటాను,’ అన్నాడు. ‘అందరితోపాటు.’ ఆ తరువాత, కోడలు ఏడుస్తోందో నవ్వుతోందో తెలియక, ఎటూ చూడలేక, ‘నీ ఎడమ కాలు మునుగుతోంది. నడుము వదిలేస్తున్నావు. ఆవిడ వదిలేది కాదు,’ అన్నాడు.

‘నేర్పండి మరి.’

‘రేపు.’

పాపను భుజాన ఎక్కించుకుని ఒడ్డువైపు తిరిగాడు. అది నీళ్ళు వదలనని రెండు కాళ్ళతో తన్నింది, అతని పక్కటెముకల మీద, బలంగా, ఆగే రకం కాదు. టోపీలు రెండూ దనాయి తెస్తోంది. ముసలమ్మలు దారి ఇచ్చారు, ‘నికీతా, ఊరిపోయావా? రుచి చూడమంటావా?’ అని ఒకావిడ, ‘మా ఇంటికి పంపండే, టమోటాల్లో కూరుకుంటాం,’ అని ఇంకొకావిడ, అతను ‘బియ్యం ముందు వేయించు’ అన్నాడు, ముగ్గురూ నోళ్ళు తెరిచారు, నికీతాస్ వాళ్ళతో మాట్లాడి చాలా కాలమైంది, వేయించే పక్షం గెలిచినట్టు కేకలు పెట్టింది. రాళ్ళు వేడిగా ఉన్నాయి, కాళ్ళు కాలుతున్నాయి, కాలనీ. కొట్టు వెనకాల చేపలు ఇంకా ఉన్నాయి. ఆర్గిరిస్ తువ్వాలు పట్టుకుని ఎదురు వచ్చాడు, తండ్రి ముఖం చూశాడు, భుజం మీద కూతుర్ని చూశాడు, వెనకాల వస్తున్న భార్యను చూశాడు, ఏమీ అర్థం కాక తువ్వాలు ఎవరికి ఇవ్వాలో తెలియక తనే కప్పుకున్నాడు.

‘అయితే వస్తున్నావా నాన్నా, చర్చికి?’

‘రాకుండా? ఆ ఫాదరును ఒంటరిగా వదిలిపెట్టమంటావా? నా తెల్ల చొక్కా ఇస్త్రీ చెయ్యి. ముందు ఏదైనా తినడానికి పెట్టండి.’

పొలిక్సేని పుచ్చకాయ పెద్ద ముక్క చేతిలో పెట్టింది. పాప ముందు దాన్నే అందుకుని అతని మెడ మీద రసం కార్చింది. చల్లగా ఉంది. చాప మీద చోటు ఇచ్చారు, బాదం మూటలు పక్కకు జరిపారు, అతను కూర్చుని ఒక గుడ్డముక్క తీసుకుని తడి వేళ్ళతో కట్టడం మొదలుపెట్టాడు, వంకరగా వచ్చింది, ఇంకోటి తీసుకున్నాడు. అందరూ చూస్తున్నారు. ఎవరూ ఉండబట్టలేకపోతున్నారు. చివరకు పొలిక్సేనియే అడిగింది.

‘ఇంతకీ అన్నయ్యగారూ, ఆ పేరు సంగతి ఏమైనట్టు?’

నికీతాస్ ముడి బిగించాడు. పంటితో కొస తెంపాడు.

‘దాని గురించి నేను మాట్లాడను,’ అన్నాడు. ‘ఇవాళ మాట్లాడను, రేపు మాట్లాడను, నేను పోయేదాకా మాట్లాడను. ఇంకెవరూ నన్ను అడగొద్దు.’